చెరి సగం: వరంగల్ ఆర్‌ఈసీ పుట్టుక, నడక

(స్మారకోపన్యాస పాఠం)



స్మారకోపన్యాసాలు మామూలుగా వైస్ చాన్సలర్ల పేరిటో, మంత్రుల పేరిటో జరుగుతుంటాయి. వర్క్‌షాపులో ఫిట్టింగ్ నేర్పిన మనిషి పేరిట జరగడం అరుదు. ఆయన పూర్తి పేరు ఆహ్వాన పత్రం మీద ఉంది. నేను మాత్రం మాస్టారనే అంటాను. మా బ్యాచీలో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లు ఎవరూ లేరు. నిర్వాహకులు నన్ను సాంకేతిక విద్య, జాతి నిర్మాణం అనే అంశం మీద మాట్లాడమన్నారు. అంత పెద్ద మూట నేను మోయలేను. ఒక్క కాలేజీ గురించి, అందులోనూ ముఖ్యంగా దాని వాటాల లెక్క గురించి మాట్లాడతాను. వరంగల్ రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీ చరిత్ర అంతా ఆ లెక్కలోనే ఉందని నా అభిప్రాయం.

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడేనాటికి తెలుగు పిల్లలు ఇంజనీరింగ్ చదవడానికి దారులు కొద్దిగానే ఉండేవి. హైదరాబాదులో 1929 నాటి ఉస్మానియా ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. కోస్తాలో కాకినాడ, సీమలో అనంతపురం కాలేజీలు 1946లో మొదలైనవి. వాల్తేరులో ఆంధ్రా యూనివర్సిటీ వారిది అప్పుడప్పుడే మొదలైంది. అంతకు ముందు తరం వాళ్లయితే మద్రాసు బండెక్కి గిండీ వెళ్లవలసిందే. ఇటు చూస్తే పని కుప్పలుగా పడి ఉంది. 1955 డిసెంబర్ 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన అయింది. భిలాయ్, రూర్కెలా, దుర్గాపూర్‌లలో ఉక్కు కర్మాగారాలు లేస్తున్నాయి. రెండో పంచవర్ష ప్రణాళిక కాగితం మీద రాసుకున్న ప్రతి ప్రాజెక్టుకూ ఇంజనీర్లు కావాలి. ఐఐటీలు పెట్టారు గానీ, అవి అయిదే. అక్కడ తయారయ్యేవాళ్లతో కాలవ గట్లూ, సబ్‌స్టేషన్లూ నిండవని ఢిల్లీలో వాళ్లకూ తెలుసు.

అందుకని రాష్ట్రానికొక కాలేజీ చొప్పున పెట్టాలనుకున్నారు. అలా వచ్చిన ఆర్‌ఈసీలలో మొదటిది వరంగల్‌ది. 1959 అక్టోబర్ 10న జవహర్‌లాల్ నెహ్రూ వచ్చి పునాది రాయి వేశారు. సివిల్, ఎలక్ట్రికల్, మెకానికల్ శాఖలతో చదువులు మొదలయ్యాయి. కెమికల్, మెటలర్జీ అరవైల నడుమ వచ్చాయి, ఎలక్ట్రానిక్స్ డెబ్బైలలో, కంప్యూటర్లు ఆ తర్వాత. ఈ శాఖల వంశవృక్షం కాలేజీ పత్రికల్లో చాలాసార్లు అచ్చయింది కాబట్టి ఇక్కడితో వదిలేస్తాను.

వాటాల దగ్గరికి వద్దాం. కాలేజీ కేంద్రానిదీ కాదు, రాష్ట్రానిదీ కాదు. ఇద్దరూ కలిసి పెట్టిన ఉమ్మడి సొత్తు, ఒక సొసైటీ కింద నడిచేది. భవనాలకూ యంత్రాలకూ అయ్యే ఖర్చంతా కేంద్రం భరించాలి. పీజీ చదువుల ఖర్చూ కేంద్రానిదే. బీటెక్ నడపడానికి ఏటా అయ్యే ఖర్చు మాత్రం కేంద్రం, రాష్ట్రం చెరి సగం. సీట్లూ అంతే. సగం ఈ రాష్ట్రం పిల్లలకు, సగం బయటి రాష్ట్రాల పిల్లలకు. ఒక్కో ఆర్‌ఈసీలో ఏటా 250 మందిని చేర్చుకోవాలని మొదటి ప్రణాళిక. అందరూ హాస్టళ్లలో ఉండి చదవాలి. సంతకాలు పెట్టినవాళ్లకు ఇది డబ్బు పంచుకునే ఏర్పాటుగానే కనిపించి ఉంటుంది. లోపల చదివిన మాకు అది వేరేగా పనిచేసింది.

కాజీపేట జంక్షన్ లేకపోతే ఆ బయటి సగం ఇక్కడికి చేరేది కాదు. 1929లో బల్లార్షా లైను కలవడంతో ఢిల్లీ మద్రాసు రైళ్లు ఈ దారిన పడ్డాయి. సికింద్రాబాద్ లైను ఇక్కడే చీలుతుంది. పాట్నా పిల్లవాడైనా, త్రిచూరు పిల్లవాడైనా ట్రంకు పెట్టె, పరుపు చుట్టతో కాజీపేటలో దిగి రిక్షా ఎక్కితే కాలేజీ గేటు దూరమేమీ కాదు. వరంగల్‌కే ఈ కాలేజీ ఎందుకు వచ్చిందన్న దానికి రకరకాల రాజకీయ కారణాలు చెబుతుంటారు. నా ఓటు మాత్రం ఆ జంక్షనుకే.

నేను 1970లో చేరాను. అంతకు ముందటి ఏడు తెలంగాణ ఉద్యమంతో రాష్ట్రమంతా అట్టుడికిపోయింది. రెండేళ్లు తిరిగేసరికి జై ఆంధ్ర ఉద్యమం మొదలైంది. స్థానికులకే ఉద్యోగాలనే ముల్కీ నిబంధనల మీద బయట ఊళ్లకు ఊళ్లు చీలిపోయి ఉన్నాయి. హాస్టల్లో మాత్రం కరీంనగర్ వాడూ, కడప వాడూ, శ్రీకాకుళం వాడూ ఒకే వరండాలో. తగాదాలు పడలేదంటే అబద్ధమే అవుతుంది. రాత్రిళ్లు మెస్ మూసేసే దాకా వాదించుకున్నాం. అయితే ఒక చిక్కుండేది. పక్కన ఎప్పుడూ ఒక బెంగాలీయో, మలయాళీయో, యూపీ వాడో ఉండి, అసలు గొడవేమిటో మాకూ చెప్పండని అడిగేవాడు. దాంతో మా తగాదా ఇంగ్లీషులోకి మారేది. ఇంగ్లీషులో మాకు తిట్లు సరిగ్గా వచ్చేవి కావు. నీళ్లెన్ని, ఉద్యోగాలెన్ని, వాటా ఎంత అనే అంకెలతోనే మాట్లాడవలసి వచ్చేది. తెలుగువాళ్లకు తమ సొంత తగాదాను అంకెల్లో చెప్పుకోవడం అలవాటు చేసింది ఆ బయటి సగమే. ఆ రోజుల్లో రాష్ట్రంలో ఇంకే కాలేజీలోనూ ఈ సదుపాయం ఇంతగా లేదు.

అమ్మాయిలు అప్పట్లో వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మందే. 2018 నుంచి నిట్‌లలో (ఆర్‌ఈసీల ఇప్పటి పేరు) వాళ్లకోసం అదనపు సీట్లు ఇస్తున్నారు. ఇది అరవైలలోనే ఆలోచించవలసిన సంగతి.

ఇక వర్క్‌షాపు. మాస్టారు కాజీపేట లోకో షెడ్‌లో ఆవిరింజన్ల కింద పడుకుని పని నేర్చుకున్న మనిషి. అక్కడి నుంచి కాలేజీకి వచ్చారు. డిగ్రీ లేదు. మొదటి ఏడాది పిల్లలకు ఖాకీ బట్టలు వేయించి, ఒక్కొక్కరి చేతికీ ఒక మైల్డ్ స్టీలు ముక్క ఇచ్చేవారు. దాన్ని వైస్‌లో బిగించి, ఆకురాయితో రాకి రాకి, నాలుగు అంచుల్లో ప్రతిదాన్నీ పక్క అంచుకు సరిగ్గా లంబంగా తేవాలి. వర్క్‌షాపు భాషలో దాన్ని జాబ్ అంటారు. జాబ్ అయిందని తీసుకుపోతే ఆయన ట్రై స్క్వేర్ ఆనించి కిటికీ వైపు ఎత్తి పట్టేవారు. ఇనుముకూ స్క్వేరుకూ మధ్య వెలుతురు గీత కనబడిందంటే మాట్లాడకుండా తిరిగి ఇచ్చేవారు. చేతులు బొబ్బలెక్కేవి. ఎంపీసీలో జిల్లా ఫస్టు వచ్చిన ఒకడు, ఈ పని మేం జీవితంలో ఎక్కడ చేస్తాం సార్ అని అడిగేశాడు. "ఏం బిడ్డా, ఇనుముకు నీ ర్యాంకు ఎర్కలేదు గదా" అన్నారు, కోపం లేకుండా. వాడిప్పుడు ముందు వరసలోనే ఉన్నాడు, నవ్వుతున్నాడు.

ఆ ముక్కతో మేమేమీ తయారు చేయలేదు. నెలాఖరుకు అది స్క్రాపులోకే పోయేది. అయినా కొత్తగూడెం థర్మల్ స్టేషన్‌లో నేను మొదటిసారి టర్బైన్ ఓవర్‌హాలింగ్‌లో నిలబడ్డప్పుడు నాకు పనికి వచ్చిన చదువు అదే. బేరింగ్‌కూ షాఫ్టుకూ మధ్య సందు ఎంత ఉండాలో పుస్తకంలో రాసి ఉంటుంది. ఆ సందు ఉందో లేదో ఫిట్టరు చెప్పినప్పుడు ఆ మాట నమ్మాలో, మళ్లీ కొలవమనాలో తెలియాలంటే, ఎప్పుడో ఒకప్పుడు మన చెయ్యి కూడా ఆ పని చేసి ఉండాలి. ఫిట్టర్లు కొత్త ఇంజనీరును ఒక్క పూటలో అంచనా కట్టేస్తారు. మాస్టారి దగ్గర చేతులు బొబ్బలెక్కినవాళ్లను తొందరగానే తమలో కలుపుకునేవారు.

ఇంకో సంగతి. బయటి రాష్ట్రాల పిల్లలతో మా లెక్చరర్లు ఇంగ్లీషులో మాట్లాడేవారు, ఆ పిల్లలు దూరంగానే ఉండిపోయేవారు. మాస్టారు రైల్వే కాలనీ హిందూస్తానీలో మాట్లాడేవారు. సెలవులకు ఇంటికి పోలేని ఉత్తరాది పిల్లలు ఫాతిమానగర్‌లో ఆయన ఇంట్లో పండుగ భోజనం చేసినవాళ్లే. చెరి సగం ఒప్పందం కాగితం మీద రాసింది సీట్ల గురించి. దాన్ని నడిపించింది ఇలాంటి మనుషులు. వాళ్ల పేర్లు కాలేజీ వార్షిక నివేదికల్లో సిబ్బంది సంఖ్య కింద మాత్రమే దొరుకుతాయి.

చదివినవాళ్లంతా వెంటనే ఉద్యోగాల్లో కుదిరారని అనుకోకండి. 1966 నుంచి 1969 దాకా పంచవర్ష ప్రణాళికలకు విరామం ఇచ్చారు. ఖర్చులు బిగించారు. కాలేజీ నుంచి మొదటి బ్యాచీలు బయటికి వస్తున్న కాలం అదే. ఇంజనీరు పట్టా చేతిలో పెట్టుకుని గుమాస్తా పోస్టుకు దరఖాస్తు పెట్టినవాళ్లు మా సీనియర్లలో ఉన్నారు. దేశం తనకు ఇంజనీర్లు కావాలని పిలిచి, వాళ్లు తయారయ్యేసరికి తలుపు మూసింది. తర్వాత పరిస్థితి కుదుటపడింది. 1967లో సాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. 1963లో నెహ్రూనే రాయి వేసిన పోచంపాడు పని సాగుతూ ఉంది. ఆ నీళ్లు కాకతీయ కాలువ మీదుగా ఈ జిల్లాకు రావాలి. కొత్తగూడెం, రామగుండం, ఆ పైన 1978లో అక్కడే శంకుస్థాపన జరిగిన ఎన్‌టీపీసీ, హైదరాబాద్‌లో బీహెచ్‌ఈఎల్, ఈసీఐఎల్. వీటి డ్రాయింగుల మీద సంతకాలు చేసిన చేతులు కొన్ని ఈ వర్క్‌షాపులో ఆకురాయి పట్టినవే. అమెరికా దారి పట్టినవాళ్లూ చాలామందే. వాళ్ల గురించి వాళ్లే బాగా చెప్పుకుంటున్నారు.

ఆ అరవైల చివరి నిరాశ ఇక్కడ ఒక తరాన్ని ఎటు తీసుకుపోయిందో చెప్పకుండా ఈ కాలేజీ చరిత్ర చెబితే అది సగం చరిత్రే. వార్షికోత్సవాలలో ఆ పేజీ తిప్పేస్తుంటారు. 1975 జూలై 25న, ఎమర్జెన్సీ వచ్చిన సరిగ్గా నెలకు, మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో పోలీసు కాల్పుల్లో చనిపోయిన విద్యార్థుల్లో సూరపనేని జనార్దన్ ఒకరు. ఈ కాలేజీ విద్యార్థి. అది ఎదురుకాల్పులు కాదన్న ఆరోపణ మీద తర్వాత తార్కుండే కమిటీ విచారించింది, ప్రభుత్వం భార్గవ కమిషన్ వేసింది. రాడికల్ విద్యార్థి ఉద్యమానికి ఈ హాస్టళ్లు ఎంత పట్టుగొమ్మో అందరికీ తెలుసు. 2010లో చనిపోయిన మావోయిస్టు నాయకుడు చెరుకూరి రాజ్‌కుమార్, 2025 మేలో చనిపోయిన మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాల కేశవరావు, ఇద్దరూ ఇక్కడ చదివినవాళ్లే. వాళ్ల దారితో నేను ఏకీభవించను. ఆ మాట ఇక్కడా చెబుతాను, ఇంకెక్కడైనా చెబుతాను. కాని ఎంట్రన్సు ర్యాంకర్లు ఆ దారిన ఎందుకు పోయారన్న ప్రశ్న కాలేజీ వేసుకోకపోతే, అది పోలీసు స్టేషన్ వేసుకునే ప్రశ్నగానే మిగిలిపోతుంది.

ఇదే ఆవరణలో, గణితశాఖలో, ఇంకో మనిషి చదివాడు. కె. బాలగోపాల్. తిరుపతిలో డిగ్రీ చేసి వచ్చి ఇక్కడ ఎమ్మెస్సీ, 1980లో పీహెచ్‌డీ పూర్తిచేశారు. కొంతకాలం ఢిల్లీలో ఉండి, తిరిగొచ్చి కాకతీయ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. తర్వాత ఉద్యోగం వదిలి పౌరహక్కుల పనిలోకి పూర్తిగా దిగారు. పౌరహక్కుల సంఘం కార్యదర్శిగా, తర్వాత మానవ హక్కుల వేదికలో, చివరికి న్యాయవాదిగా 2009లో పోయేదాకా పనిచేశారు. పోలీసుల హింసను ఎత్తిచూపినట్టే, ఉద్యమాలు చేసే హింసను కూడా ప్రశ్నించినవాడు. ఆయన వ్యాసాలు చదివినవాళ్లకు అందులో గణితం చదివిన మనిషి కనబడతాడు. ఒక మెట్టు ఎక్కితే గాని రెండో మెట్టు ఎక్కడు. తనకు నచ్చిన ముగింపు అయినా సరే, రుజువు లేకుండా ఒప్పుకోడు. ఇంజనీరింగ్ కాలేజీలో సైన్సు శాఖలు దండగ అనేవాళ్లు ఇప్పటికీ తారసపడుతుంటారు. వాళ్లకు నేను ఈ ఒక్క పేరే చెబుతుంటాను.

మళ్లీ డబ్బు సంగతి. చెరి సగం ఖర్చు ఒప్పందం పాలికి ఇచ్చిన పొలం లాంటిది. విత్తనం ఎవరు పెట్టాలి, ఎరువు ఎవరు కొనాలి అనే పేచీ ప్రతి ఏడూ ఉండేది. చాలా రాష్ట్రాలు తమ వాటా సకాలంలో ఇచ్చేవి కావు. రాష్ట్రం ఇవ్వలేదని కేంద్రం ఆగడం, కేంద్రం ఆగిందని కొత్త యంత్రం ఆర్డరు ఆగడం. పరీక్షలు, డిగ్రీలు యూనివర్సిటీ చేతిలో ఉండేవి. కాకతీయ విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక, 2002 దాకా ఇక్కడి పట్టాలు దాని పేరిటే వచ్చాయి. సిలబస్‌లో ఒక పేపరు మార్చాలన్నా దారి చాలా పొడవు. 1996లో ఆర్.ఎ. మషేల్కర్ అధ్యక్షతన వేసిన కమిటీ ఈ జబ్బులన్నీ చూసి 1998లో నివేదిక ఇచ్చింది. అప్పటికి దేశంలో ఆర్‌ఈసీలు 17. వాటిని కేంద్రం పూర్తిగా తన కిందికి తీసుకుని, నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలుగా మార్చింది. వరంగల్ 2002 సెప్టెంబర్‌లో నిట్ అయింది, డీమ్డ్ యూనివర్సిటీ అయింది. 2007 చట్టంతో జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. ఇప్పుడు నిట్‌లు 31.

మార్పు మంచిదే. ల్యాబులు మారాయి, పరిశోధన పెరిగింది, సొంతంగా డిగ్రీ ఇచ్చుకునే స్వేచ్ఛ వచ్చింది. రాష్ట్రం చుట్టూ తిరిగే బాధ తప్పిందని సంతోషించినవాళ్లలో నేనూ ఉన్నాను. కాని ఒక చిన్న తేడా చూడండి. డబ్బులో సగం పోయింది, సీట్లలో సగం మిగిలింది. ఇప్పటికీ సగం సీట్లు సొంత రాష్ట్రానివే. అంటే రాష్ట్రం పిల్లల్ని పంపుతుంది గాని పైసా పెట్టదు. పైసా పెట్టనివాడికి అడిగే హక్కు ఉండదు. పాత రోజుల్లో రాష్ట్రం సరిగ్గా ఇచ్చినా ఇవ్వకపోయినా, అసెంబ్లీలో ఒక సభ్యుడు లేచి ఆ కాలేజీ మనకేం చేస్తోందని అడగగలిగేవాడు. అడిగే తీరు కొన్నిసార్లు మొరటుగా ఉంటుంది, నిజమే. అయినా ఒక సంస్థను ఊరికి కట్టి ఉంచేది ఆ మొరటు ప్రశ్నే.

వరంగల్‌కు ఆ ప్రశ్న అడగవలసిన అవసరం చాలా ఉండింది. 1934లో మొదలైన ఆజంజాహీ మిల్లు ఈ ఊరికి అన్నం పెట్టింది. తొంభైలు వచ్చేసరికి మూతపడింది. కొత్తవాడలో దర్రీలు నేసే మగ్గాలు ఉన్నాయి. ఆ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మెకానికల్ ఇంజనీరింగ్ నేర్పే పెద్ద కాలేజీకీ ఆ మగ్గాలకూ మధ్య ఉన్నది కొద్ది కిలోమీటర్లే. మా నాలుగ్గోడల మధ్య ఎన్నో ప్రాజెక్టు రిపోర్టులు రాశాం. మగ్గం మీద కూర్చున్న మనిషి నడుము నొప్పి తగ్గించే రిపోర్టు నేను ఒక్కటీ చూడలేదు. తప్పు పిల్లలది కాదు. ఊరి పని కొలిచే కొలమానం మా మార్కుల జాబితాలో లేదు. ఇప్పటి ర్యాంకింగుల్లోనూ లేదు.

మా తరం దాటాక అయిదేళ్ల బీటెక్ కోర్సు నాలుగేళ్లయింది. కోత పడ్డ చోట్లలో వర్క్‌షాపు గంటలు ముందున్నాయి, దేశమంతటా. కంప్యూటర్ మీద డిజైన్ చేస్తున్నాం కదా, ఆకురాయి ఎందుకన్న మాటలో కొంత నిజముంది. సీఎన్‌సీ మిషను నేను మెచ్చుకోనని కాదు. అది గీత తప్పదు. తప్పిందీ లేనిదీ చూసే కన్ను మాత్రం మిషనుతో పాటు పెట్టెలో రాదు.

2014లో రాష్ట్రం రెండయ్యింది. మరుసటి ఏడు తాడేపల్లిగూడెంలో ఆంధ్రప్రదేశ్ నిట్ మొదలైనప్పుడు దాన్ని పెంచే బాధ్యత వరంగల్‌కే అప్పగించారు. ఒకప్పుడు ముల్కీ గురించి మెస్సులో కొట్టుకున్న మా తరానికి, ఇక్కడి ప్రొఫెసర్లు గోదావరి జిల్లాకు పోయి కొత్త కాలేజీ నిలబెడుతుంటే చూడటం ముచ్చటగా ఉండింది. దీని మీద ఎవరూ పెద్దగా రాయలేదు. కొట్లాటల మీద రాసినంత మంది పొత్తుల మీద రాయరు.

నిర్వాహకులకు రెండు విన్నపాలు చేసి ముగిస్తాను. ఈ స్మారక నిధిని పతకాలకూ శాలువాలకూ ఖర్చు పెట్టకండి. వేసవి సెలవుల్లో కాలేజీ వర్క్‌షాపు ఖాళీగా ఉన్న వారాల్లో, ఈ జిల్లాల పాలిటెక్నిక్, ఐటీఐ పిల్లలకు అక్కడి యంత్రాల మీద పని నేర్పే ఏర్పాటుకు అనుమతి అడగండి. రిటైరైన ఫోర్‌మన్లు నేర్పడానికి సిద్ధంగా ఉన్నారు. నలుగురితో నేను ఇప్పటికే మాట్లాడాను. బస్సు చార్జీలూ మధ్యాహ్న భోజనమూ నిధి భరిస్తే చాలు.

రెండోది. 2029కి కాలేజీకి డెబ్బై ఏళ్లు నిండుతాయి. అప్పుడొక చరిత్ర పుస్తకం వేస్తారు, అందులో డైరెక్టర్ల ఫొటోలు వరసగా ఉంటాయి. దాని పక్కన ఇంకొక పుస్తకం కావాలి. ల్యాబ్ అసిస్టెంట్లు, మెస్సు వంటవాళ్లు, హాస్టల్ గేటు దగ్గర టీ కొట్టు నడిపినవాళ్లు, కాజీపేట రిక్షావాళ్లు, అందరి దగ్గరా కూర్చుని రాసుకోవాలి. వాళ్లలో చాలామందికి వయసు మీద పడింది, కాబట్టి ఈ పని డెబ్బయ్యో ఏటి దాకా ఆగదు. మాస్టారు జాబ్‌లకు మార్కులు వేసిన రిజిస్టర్లు రెండు ఇంట్లో ఉన్నాయని ఆయన అబ్బాయి ఇందాక చెప్పారు. ముందు వాటిని స్కాన్ చేయించండి. నా మార్కులు ఎన్నో చూసి బయటికి చెప్పకుండా ఉంటే చాలు.